షిర్డీ నుంచి నాసిక్: వైనరీలోనే గది తీసుకోవడం మంచిదా?

కూకట్‌పల్లి_కిరణ్

అందరికీ నమస్కారం. జనవరి చివర్లో షిర్డీ వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, అమ్మానాన్న, మూడో క్లాసు చదివే మా పాప. దర్శనం అయ్యాక రెండు రాత్రులు చేతిలో ఉంటాయి. నాసిక్ దగ్గరే కదా, ద్రాక్షతోటలు చూసి, వైన్ టేస్టింగ్ చేసి, వీలైతే వైనరీలోనే ఉందామని మా ఆవిడ కోరిక. నాన్న పెళ్లిళ్లలో ఎప్పుడైనా ఒక పెగ్గు తీసుకుంటారు. అమ్మకు ఆ వాసనే పడదు. నాకు బీరు తప్ప ఇంకేమీ తెలియదు.

తోటలో గది ఊళ్లో హోటల్ కంటే బాగా ఖరీదు కనిపిస్తోంది. అంత పెట్టడం అవసరమా, లేక ఊళ్లో దిగి పగలు వెళ్లి చూసొస్తే సరిపోతుందా? అమ్మకు, పాపకు అక్కడ తోచుతుందా? వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.

నాసిక్_కోడలు

కిరణ్ గారూ, పెళ్లయి ఈ ఊరు వచ్చినప్పటి నుంచి చుట్టాలకు నాసిక్ చూపించే పని నాదే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

షిర్డీ నుంచి 90 కిలోమీటర్ల లోపే, కారులో రెండు గంటలు పడుతుంది. సందర్శకులు ఎక్కువగా వెళ్లే వైనరీలు ఊరికి పడమర, గంగాపూర్ డ్యామ్ వైపు ఉన్నాయి. సులా, యార్క్, సోమా ఒకదానికొకటి దగ్గర్లోనే. సులాకు, సోమాకు సొంత బస ఉంది. ఇగత్‌పురి వైపు వెళ్తే ముకణే డ్యామ్ నీళ్ల ఎదురుగా వలోనే అనే చిన్న వైనరీ ఉంది. అక్కడ గదులు కొన్నే, జనమూ తక్కువే.

సులా కథ మీ నాన్నగారికి నచ్చుతుంది. రాజీవ్ సామంత్ స్టాన్‌ఫర్డ్‌లో చదివి, ఒరాకిల్‌లో ఉద్యోగం చేసి, అది వదిలేసి ఇక్కడి కుటుంబ భూమిలో 1990ల చివర్లో వైన్ ద్రాక్ష నాటారు. అప్పటిదాకా ఈ ప్రాంతంలో ఎక్కువగా తినే ద్రాక్షే. కెరీ డామ్‌స్కీ అనే కాలిఫోర్నియా వైన్‌మేకర్ ఆయనకు తోడయ్యారు. మొదటి సీసాలు 2000లో బయటికొచ్చాయి, టేస్టింగ్ రూమ్ 2005లో తెరిచారు. సులా అన్నది ఆయన తల్లి సులభ పేరు నుంచి వచ్చిందే.

టేస్టింగ్ అంటే తాగడానికి కూర్చోవడం కాదు. ముందు వైనరీ లోపలంతా తిప్పుతారు. ద్రాక్ష దించే చోటు, గెలల నుంచి కాడలు విడదీసే యంత్రం, ఆ తర్వాత మేడంత ఎత్తు స్టీల్ ట్యాంకులు. వాటిని బయటి నుంచి చల్లబరుస్తూ ఉంటారు కాబట్టి చెయ్యి ఆనిస్తే జిల్లుమంటుంది. పులిసేటప్పుడు వేడి పెరిగితే వాసనలన్నీ ఎగిరిపోతాయట. అక్కడి నుంచి ఓక్ పీపాల గది. మసక వెలుతురు, చల్లదనం, తడి చెక్క వాసన.

చివర్లో బల్ల దగ్గర నిలబెట్టి ఒక్కొక్కటే పోస్తారు. ఒక్కో గ్లాసులో రెండు మూడు గుటకలే ఉంటుంది. నురగ వచ్చే స్పార్క్లింగ్‌తో మొదలుపెట్టి వైట్, రోజే, రెడ్, ఆఖరున తియ్యటిది. గ్లాసును కాడ దగ్గర పట్టుకోమంటారు, అరచేతి వేడి తగలకుండా. సావిన్యోన్ బ్లాంక్ అనే వైట్ వైన్ గ్లాసులో ముక్కు పెడితే కోసిన పచ్చి క్యాప్సికమ్ వాసన కొడుతుంది. షిరాజ్ అనే రెడ్‌లో మిరియాల ఘాటు ఉంటుంది. మొదటిసారి వచ్చినవాళ్లు ఎక్కువమంది షెనిన్ బ్లాంక్ అనే ఇంకో వైట్ దగ్గర ఆగిపోతారు, అది కాస్త తియ్యగా ఉంటుంది కాబట్టి.

గది విషయానికొస్తే, నా మాట ఒకటే. తోటలో ఉండాలనుకుంటే పొద్దున్న కోసం ఉండండి, రాత్రి కోసం కాదు. బయటి నుంచి వచ్చే జనం మధ్యాహ్నానికి గానీ పోగవరు. పొద్దున ఆరున్నరకు తోటంతా బసలో ఉన్నవాళ్లదే. జనవరిలో మంచు పట్టి ఉంటుంది, స్వెట్టర్లు మర్చిపోవద్దు.

వీకెండ్_వద్దు

పైన చెప్పిందంతా నిజమే, కానీ అది మామూలు రోజుల్లో. మేము శనివారం వెళ్లాం, మా అనుభవం వేరు.

'వైన్‌యార్డ్ రిసార్ట్' అని పేరు చూసి బుక్ చేశాం. వెళ్లాక తెలిసింది, ఆ తోట పక్క రైతుది. రిసార్ట్‌కూ దానికీ మధ్య ముళ్లకంచె. లోపలికి అడుగు పెట్టనివ్వలేదు. ఫొటోల్లో చూపించిన కిటికీ గది వేరేవాళ్లకు ఇచ్చేసి మాకు జనరేటర్ వైపు గది ఇచ్చారు. ఆ రాత్రి అక్కడ సంగీత్ ఫంక్షన్. అర్ధరాత్రి దాకా డీజే మోత. నెలల పిల్లాడితో మా చెల్లెలు ఆ రాత్రంతా ఎత్తుకునే తిరిగింది. పొద్దున రిసెప్షన్‌లో అడిగితే 'పెళ్లిళ్ల సీజన్ కదా' అన్నారే తప్ప క్షమాపణ కూడా లేదు. అంత డబ్బు పోసి, ఇంట్లోవాళ్లను తీసుకెళ్లి, అలా పడుకోవడం ఇప్పటికీ బాధగానే ఉంది.

అందుకే ఫోన్ చేసి సూటిగా అడగండి. తోట మీదేనా? బసవాళ్లు తోటలో నడవొచ్చా? ఆ తేదీల్లో పెళ్లి, పార్టీ ఏమైనా ఉందా? ఏ గది నంబరు ఇస్తున్నారు? ఇవన్నీ వాట్సాప్‌లో రాయించుకోండి.

తోటమాలి

ద్రాక్ష గురించి నేను చెప్తాను. ఉద్యానశాఖలో పని చేసి రిటైర్ అయ్యాను.

కిరణ్, మీరున్న కూకట్‌పల్లికి కాస్త దూరంలో, కొంపల్లి, మేడ్చల్, శామీర్‌పేట వైపు ఒకప్పుడు ద్రాక్షతోటలే ఉండేవి. అనాబ్-ఎ-షాహీ అనే తినే ద్రాక్ష రకం దేశమంతా పాకింది హైదరాబాద్ నుంచే. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం ఉంది. తెగుళ్లు, నీళ్ల కరువు, కూలీ ఖర్చు కలిసి రైతును కుంగదీస్తే, ప్లాట్ల ధరలు వచ్చి తోటల్ని ఊడ్చేశాయి. ఆ భూముల్లో ఇప్పుడు ఫంక్షన్ హాళ్లు, విల్లాలు. నాసిక్‌లో మాత్రం రైతు నిలబడ్డాడు. దానికి ఒక కారణం, 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం వైన్ కోసం ప్రత్యేకంగా ఒక విధానం తెచ్చి, పన్నుల్లో వెసులుబాటు ఇచ్చింది. పండు అమ్ముడుపోయే ఇంకో దారి దొరికింది.

మీరు తోటలోకి వెళ్లాక ముందుగా తీగల్ని కట్టిన తీరు చూడండి. మన దగ్గర పందిరి. ఆకు పైన, గెలలు కింద వేలాడతాయి. అక్కడ వైన్ రకాలకు కంచెలా నిలువుగా తీగలు లాగి, వరసలు కడతారు. గెలకు గాలి, ఎండ సరిగ్గా తగలాలని. తర్వాత గింజ పట్టుకుని చూడండి. చిన్నగా ఉంటుంది, తోలు మందం, లోపల విత్తనాలు. నోట్లో వేసుకుంటే తీపి మండిపోతుంది, ఆ వెంటనే తోలు వగరు. రెడ్ వైన్‌కు రంగూ ఆ వగరూ వచ్చేది తోలు నుంచే. రసాన్ని తోలుతో కలిపి పులియబెడితే రెడ్. తోలు తీసేసి రసాన్నే పులియబెడితే వైట్.

తినే ద్రాక్షలో కాపు ఎంత ఎక్కువైతే రైతుకు అంత సంతోషం. వైన్ తోటలో కాయ రుచి పలచబడకుండా కావాలనే కాపు తగ్గించుకుంటారు. రసంలో చక్కెర 22 నుంచి 24 బ్రిక్స్ (అంటే వంద గ్రాముల రసంలో సుమారు అన్ని గ్రాముల చక్కెర) దాకా వచ్చేవరకు ఆగి కోస్తారు. ఆ చక్కెరే ఆల్కహాల్‌గా మారి సీసా మీద 12, 13 శాతం అని కనిపిస్తుంది.

ఇంకో సంగతి. చలిదేశాల్లో తీగ శీతాకాలం ఆకు రాల్చి నిద్రపోతుంది. మన వాతావరణంలో దానికి నిద్ర లేదు. అందుకే ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. కోత అయ్యాక ఏప్రిల్‌లో ఒకసారి, కాపు కోసం సెప్టెంబర్, అక్టోబర్‌లో ఇంకోసారి. పంట జనవరి నుంచి మార్చి దాకా. మీరు వెళ్లేసరికి వైట్ రకాల కోత నడుస్తూ ఉండొచ్చు. షిరాజ్, కాబెర్నే లాంటి రెడ్ రకాలు కాస్త ఆలస్యంగా వస్తాయి. ఎండ ఎక్కితే కాయ వేడెక్కుతుందని తెల్లవారుజామునే కోస్తారు. నాసిక్_కోడలు గారు పొద్దున్న కోసం ఉండమన్నది నూటికి నూరుపాళ్లు సరైన మాట. మే, జూన్‌లో వెళితే గెల ఒక్కటీ కనిపించదు.

పాపను మాత్రం అడక్కుండా కాయ కోసి తిననివ్వకండి. పురుగుమందు ఎప్పుడు కొట్టారో అక్కడివాళ్లకే తెలుస్తుంది.

సీమ_బిడ్డ

అన్నా, తప్పుగా అనుకోవద్దు. అమ్మానాన్నల్ని బాబా దర్శనానికని పిల్చుకుపోయి, అదే ప్రయాణంలో వైన్ తాగే చోట దించడం నా మనసుకు రుచించడం లేదు. పెద్దామెకు వాసనే పడదంటున్నావు. ఆమె పైకి ఏమీ అనకపోవచ్చు, లోపల నొచ్చుకుంటుంది. మీరిద్దరూ ఇంకోసారి వేరుగా పోయి రావచ్చు కదా?

కూకట్‌పల్లి_కిరణ్

సీమ_బిడ్డ గారూ, నా మనసులో ఉన్న బెంగ కూడా అదే. అందుకే ముందే అడుగుతున్నాను. అమ్మకు ఇబ్బంది అయ్యేటట్టుంటే వైనరీ మాటే వదిలేస్తాం.

నాసిక్_కోడలు

సీమ_బిడ్డ గారి మాట కొట్టిపారేయలేం. మా అత్తగారు విఠలుడిని కొలిచే వారకరీ సంప్రదాయం, మెడలో తులసిమాల. వైన్ ముట్టరు సరికదా, సీసా ఉన్న బల్ల దగ్గర కూర్చోరు. ఆవిడను ఒకసారి తోటకు తీసుకెళ్లాం. టేస్టింగ్ రూమ్ మెట్లెక్కలేదు. తోట గట్టున కోతకొచ్చిన ఆడవాళ్లతో మరాఠీలో మాట్లాడుతూ కూర్చున్నారు. కూలి ఎంతిస్తున్నారు, ఎక్కడి నుంచి వచ్చారు, పిల్లలు చదువుతున్నారా అని. కాబట్టి అమ్మగారిని ముందే అడగండి, కిరణ్ గారూ. అక్కడికి వెళ్లాక చెప్పడం మాత్రం వద్దు.

ఆవిడ సరేనంటే ఒక రోజు పూర్తిగా ఆవిడకే ఇవ్వండి. పంచవటి, రామకుండం, కాలారామ మందిరం. అక్కడి నుంచి త్ర్యంబకేశ్వరం 30 కిలోమీటర్లే. మీరిద్దరూ టేస్టింగ్‌కు వెళ్లే గంటన్నర ఆవిడ గదిలో పడుకోవచ్చు. గది అక్కడే ఉంటే కలిగే సౌకర్యం ఇదే. ఊళ్లో దిగితే ఆవిడ కూడా కారులో వచ్చి, మీరు అయ్యేదాకా ఎక్కడో కూర్చోవాలి. సులాలో రెస్టారెంట్లు ఉన్నాయి, శాకాహారులకైనా తిండికి ఇబ్బంది లేదు.

గోదారి_గట్టు

మాది రాజమండ్రి. త్ర్యంబకేశ్వరం వెళితే కుశావర్తం కోనేరులో తప్పకుండా స్నానం చేయించండి మీ అమ్మగారి చేత. బ్రహ్మగిరి మీద పుట్టిన ఆ సన్నటి ధారే మన దగ్గరికొచ్చేసరికి అఖండ గోదావరి. మీరు చూడబోయే గంగాపూర్ డ్యామ్ కూడా గోదావరి మీదిదే. ఆ తోటలకు ఆసరా మన తల్లి నీళ్లే అని తెలిసినప్పుడు నాకైతే ఒళ్లు పులకరించింది.

2027లో వెళ్దామనుకునేవాళ్లు గమనించండి. గోదావరి పుష్కరాలు, నాసిక్ కుంభమేళా రెండూ ఉన్నాయి. గదులు దొరకడం కష్టం.

సోనోమా_సత్య

నేనుండేది కాలిఫోర్నియాలో. ఇక్కడికి చూడ్డానికొచ్చే అమ్మానాన్నల్ని అందరం వైన్ తోటలకు పేరున్న నాపా తీసుకెళ్తాం, కానీ వైనరీలోనే రాత్రి ఉండే అవకాశం చాలా అరుదు. నాపా కౌంటీ 1968లోనే సాగుభూమిని కాపాడాలని అగ్రికల్చరల్ ప్రిజర్వ్ పెట్టింది. తోటల మధ్య హోటళ్లు కట్టనివ్వరు. కాబట్టి ఊళ్లో దిగి, తోటలకు కారులో తిరగడమే. ఆ లెక్కన నాసిక్‌లో మీకు దొరుకుతున్నది మాకు సులువుగా దొరకనిది.

టేస్టింగ్ ఎలా చెయ్యాలో చెప్తాను, ఎందుకంటే మనవాళ్లు పోసింది వదిలేస్తే అమర్యాద అనుకుని మొత్తం తాగేస్తారు. అవసరం లేదు. బల్ల మీద ఉమ్మడానికి, మిగిలింది పారబోయడానికి ఒక పాత్ర ఉంటుంది. వైన్ పని చేసేవాళ్లందరూ దాన్నే వాడతారు. ముందు గ్లాసును తెల్ల కాగితం ముందు వంచి రంగు చూడండి. మెల్లగా తిప్పి వాసన పీల్చండి. ఒక గుటక నోట్లో కాసేపు ఉంచి, నాలుక అంతటా తగలనివ్వండి. నచ్చకపోతే పాత్రలో పోసేయండి. మధ్యలో నీళ్లు తాగండి. ఖాళీ కడుపుతో అసలు వెళ్లొద్దు. ఆ రోజు పెర్ఫ్యూమ్, అత్తరు కొట్టుకోవద్దు, పక్కవాళ్లకు కూడా వైన్ వాసన తెలియకుండా పోతుంది.

నాన్నగారికి షుగర్, బీపీ మాత్రలు ఉంటే బయలుదేరే ముందే డాక్టర్‌ని అడగండి.

బెంగళూరు_బాబ్జీ

అందరూ నాసిక్ నాసిక్ అంటున్నారు. అనంతపురం, కర్నూలు వైపు వాళ్లకు నంది హిల్స్ దగ్గర. దొడ్డబళ్లాపుర పక్కన గ్రోవర్ తోట ఉంది, దాని వయసు సులా కంటే ఎక్కువ. మిషెల్ రోలాన్ అనే పెద్ద ఫ్రెంచ్ నిపుణుడు వాళ్లకు సలహాదారుగా పని చేశాడు. పొద్దున నంది హిల్స్ ఎక్కి, మధ్యాహ్నానికి టూర్ చేసుకుని ఇల్లు చేరొచ్చు.

హైదరాబాద్ నుంచి కారులోనే వెళ్లాలనుకుంటే సోలాపూర్ దాటి అక్లూజ్ వైపు ఫ్రాటెల్లి అనే వైనరీ ఉంది. ఇటలీ అన్నదమ్ములు, మన దేశపు రెండు కుటుంబాలు కలిసి పెట్టింది. అతిథి గదులు కొన్ని ఉన్నాయి, ముందే మాట్లాడుకోవాలి. పండరిపురం దగ్గర్లోనే కాబట్టి పెద్దవాళ్లకు విఠలుడి దర్శనం కూడా అవుతుంది. పార్టీ జనం లేరు, నాకు నాసిక్ కంటే అదే నచ్చింది.

మనవాళ్లది కూడా ఒకటుంది. గ్రాన్యూల్స్ ఇండియా స్థాపించిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఆయన భార్య ఉమ కలిసి హంపి దగ్గర కొండల్లో క్రస్మా తోట వేశారు. కాబెర్నే బాగుంటుంది. వాళ్ల సీసా కనిపిస్తే కొని చూడండి.

తోటమాలి

బాబ్జీ, క్రస్మా గుర్తు చేసినందుకు సంతోషం. రాళ్ల నేలలో, అంత ఎండలో ఆ నాణ్యత తీయడం మామూలు విషయం కాదు.

మాదాపూర్_మహీ

నేను మాత్రం ఊళ్లో హోటలే మేలంటాను. తోటలో గదికి పెట్టే డబ్బుతో నాసిక్‌లో ఐదుగురికీ మంచి గదులు, భోజనాలు అయిపోతాయి. సులా ఊరికి మరీ దూరం కాదు, పగలు క్యాబ్‌లో వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. ఐదుగురు అంటే రెండు గదులు తీసుకోవాలని కూడా లెక్కేసుకోండి.

వీకెండ్_వద్దు

మహీ, పగలు క్యాబ్ దొరుకుతుంది. సూర్యాస్తమయం చూసి బయల్దేరుదామంటే మాత్రం అందరూ ఒకేసారి క్యాబ్‌ల కోసం ఎగబడతారు. పెద్దవాళ్లను, పిల్లను పెట్టుకుని ఆ రోడ్డు మీద నిలబడటం కష్టం. సొంత కారు ఉంటే నడిపేవాళ్లు వైన్ ముట్టకూడదు. ఊళ్లోనే దిగితే రానూపోనూ ఒకే బండి మాట్లాడుకోమనండి.

కూకట్‌పల్లి_కిరణ్

ఇంత ఓపిగ్గా చెప్పినందుకు అందరికీ థ్యాంక్స్. అమ్మను అడిగాను. 'గోదావరి పుట్టిన చోటు చూపిస్తే మీరెక్కడికెళ్లినా నాకు పర్లేదు, తోటలో ఉంటాను, బల్ల దగ్గరికి మాత్రం పిలవకండి' అంది. కాబట్టి ఇలా అనుకుంటున్నాం. ఆదివారం షిర్డీ. సోమవారం పొద్దున బయల్దేరి పంచవటి, త్ర్యంబకం, రాత్రికి ఊళ్లో హోటల్. మంగళవారం మధ్యాహ్నానికి తోటలో గది, సాయంత్రం టేస్టింగ్. బుధవారం పొద్దున తోటలో నడక, రాత్రి రైలు. గది ఒక్క రాత్రికే కాబట్టి ఖర్చు సర్దుకోవచ్చు.

రెండు సందేహాలు మిగిలాయి. పాపను టూర్‌కు రానిస్తారా? ఇంటికి నాలుగైదు సీసాలు తెచ్చుకోవచ్చా?

నాసిక్_కోడలు

పాప టూర్‌కు రావచ్చు, రుచి చూడటం మాత్రం కుదరదు. మహారాష్ట్రలో వైన్‌కు 21 ఏళ్లు నిండాలి. కోతల సీజన్‌లో తొట్టిలో ద్రాక్ష పోసి కాళ్లతో తొక్కిస్తారు. పిల్లలకు అదే పెద్ద పండగ. ఆ వేళకు జరుగుతోందేమో బుకింగ్‌లో అడగండి. రంగు వదలదు, పాత బట్టలు వెయ్యండి.

మీ తేదీలు 26 జనవరి మీద పడకుండా చూసుకోండి. ఆ రోజు డ్రై డే, చుక్క పొయ్యరు. ఎన్నికలు వచ్చినా అంతే. ఫిబ్రవరి మొదటి వారాంతానికి జరిపితే సులాఫెస్ట్ ఉంటుందేమో చూసుకోండి. సంగీతం కోసం వేలమంది వస్తారు, మీరు అనుకుంటున్న ప్రశాంతత ఆ రెండు రోజులూ ఉండదు.

లక్డీకాపూల్_లాయర్

సీసాల గురించి జాగ్రత్త. విమానం వాళ్ల నిబంధన వేరు, రాష్ట్ర ఎక్సైజ్ చట్టం వేరు. వేరే రాష్ట్రంలో పన్ను కట్టిన సీసా తెలంగాణలోకి తెస్తే దాన్ని ఎన్‌డీపీఎల్, అంటే ఇక్కడ పన్ను కట్టని మద్యం కింద లెక్కేస్తారు. రైళ్లలో, ఎయిర్‌పోర్టులో ఎక్సైజ్ తనిఖీలు జరుగుతూనే ఉంటాయి. పట్టుకుంటే సీసాలు పోవడమే కాదు, కేసు కూడా. కుటుంబంతో వస్తూ ఆ టెన్షన్ ఎందుకు? అక్కడ రుచి చూసి పేరు రాసుకోండి. సులా, ఫ్రాటెల్లి, గ్రోవర్ మన దగ్గరి పెద్ద షాపుల్లోనూ దొరుకుతాయి. ఏపీ వాళ్లు కూడా తమ రాష్ట్రపు నిబంధన కనుక్కోకుండా తేవద్దు.

కూకట్‌పల్లి_కిరణ్

అయితే సీసాల ఆలోచన మానేశాం. తిరుగు ప్రయాణానికి దేవగిరి ఎక్స్‌ప్రెస్ చూస్తున్నాను.

గోదారి_గట్టు

దేవగిరి అయితే టికెట్ మీద తేదీ ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ముంబైలో రాత్రి బయల్దేరి నాసిక్ రోడ్‌కు వచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది. మీరు బుధవారం రాత్రి ఎక్కాలంటే నాసిక్ రోడ్ నుంచి గురువారం తేదీకి బుక్ చేయాలి. స్టేషన్ తోటలకు ఊరి అవతలి కొసన ఉంది, బండి సాయంత్రమే మాట్లాడి పెట్టుకోండి.